చీ కోసం వెతకొద్దు, ముందు మోకాళ్ళు చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నాన్జింగ్‌లో మీ ఎంబీబీఎస్ పాఠాల్లో చైనా సంప్రదాయ వైద్యం మొదలైందనీ, "చీ" అంటే ఏమిటో పుస్తకం తిరగేసినా అంతుబట్టలేదనీ రాశావు. పొద్దున్నే పార్కులో పెద్దవాళ్ళతో కలిసి చీగోంగ్, అదే నెమ్మదైన కదలికలూ ఊపిరీ కలిపి చేసే ఆ చైనా సాధన, చేయాలని ఉందన్నావు. చెయ్యి. ఈ రెండో పనివల్లే మొదటిది కాస్త అర్థమవుతుంది.

ముందు పలకడం సరిచేసుకో. అది ఒత్తు చకారం. స్వరం నాలుగోది, పైనుంచి కిందికి టక్కున పడుతుంది. మనం ఎవరినైనా విదిలించి "ఛీ" అంటామే, దాదాపు అదే. మర్యాద కోసం ఇక్కడ ఒత్తు తీసి రాస్తున్నాను గానీ, అక్కడ ఒత్తే పలుకు. ఒత్తూ స్వరమూ రెండూ తప్పాయంటే కోడి అవుతుంది.

పాత లిపిలో ఈ అక్షరానికి కింద బియ్యం గుర్తు, పైన ఆవిరి గుర్తు ఉంటాయి. ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీస్తే వచ్చేది గుర్తు తెచ్చుకో. దీనికి "ఎనర్జీ" అన్న మాట ఇరవయ్యో శతాబ్దంలో ఫ్రెంచి అనువాదాల మీదుగా స్థిరపడింది. నాకది నచ్చదు. ఆ మాట వినగానే ఒంట్లో బ్యాటరీ ఉన్నట్టూ, చార్జింగ్ పెట్టుకోవాలన్నట్టూ తోస్తుంది. మన "ప్రాణం" దీనికి దగ్గర. ప్రాణం లేచి వచ్చిందంటాం, ఉసూరుమందంటాం, విసిగిందంటాం. ఏ సందర్భంలోనూ కొలిచి చెప్పం. చైనావాళ్ళకూ అంతే. కోపం రావడాన్ని "చీ పుట్టడం" అంటారు, మొహమాటాన్ని "అతిథి చీ" అంటారు, వాతావరణం "ఆకాశపు చీ". అయితే పంచప్రాణాలతో ఒకటికొకటి జత కలపడానికి కూర్చోకు, సగం దూరం పోయాక లెక్క తప్పుతుంది.

వైద్యంలో చీకి అప్పగించిన పనులు ఐదు: నెట్టడం, వెచ్చబరచడం, కాపాడటం, చెమటా రక్తమూ మూత్రమూ ఊరికే జారిపోకుండా పట్టి ఉంచడం, తిన్నదాన్ని ఒంటికి పట్టేలా మార్చడం. ఏ పని చెడిందన్నదే వైద్యుడు చూసేది. రోగి గొంతు నీరసంగా ఉండి, మెట్లెక్కితే ఆయాసం వచ్చి, కూర్చున్నచోటే చెమట పడుతూ, నాలుక పాలిపోయి ఉంటే చీ లోపించిందంటారు. జీర్ణాశయపు చీ కిందికి దిగాలి. ఎదురు తిరిగితే ఎక్కిళ్ళు, తేన్పులు, వాంతి. ఊపిరితిత్తులదీ కిందికే; ఎదురు తిరిగితే దగ్గు. ప్లీహం చీ పైకి లేవాలి. కుంగితే తెగని విరేచనాలు, అవయవాలు కిందికి జారడం. ఇక్కడ ప్లీహమంటే మీ అనాటమీ ప్లీహం కాదు, జీర్ణం చేసే పనికి పెట్టిన పేరు. వీటికి తోడు ముడిపడటం ఒకటి. డొక్కల్లో ఉబ్బరించినట్టు నొప్పి, అదీ చోటు మారుతూ, మాటిమాటికీ నిట్టూర్పు. ఒకేచోట పొడిచినట్టుంటే దాన్ని చీ ఖాతాలో వేయరు, రక్తం గడ్డకట్టిందంటారు. పరీక్షలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

చైనా వైద్యానికి మూలమైన ప్రాచీన గ్రంథం "హ్వాంగ్‌దీ నేయ్‌జింగ్" మొదటి భాగం సువెన్, 39వ అధ్యాయం చూడు. కోపంతో చీ పైకెక్కుతుంది, భయంతో కిందికి జారుతుంది, అదేపనిగా ఆలోచిస్తే ముడిపడుతుంది అని ఉంటుంది. పరీక్షల రోజుల్లో ఆకలి చచ్చిపోతుందే, ఆ మూడోది చదువుతుంటే అదే గుర్తొస్తుంది.

శవాన్ని కోసినప్పుడు చీ పారే నాళం ఎక్కడా కనపడదు, దాన్ని కొలిచే పరికరమూ లేదు. దానికి బెంబేలు పడకు, బుకాయించనూ వద్దు. ఇది పని తీరును వర్ణించే భాష. ఛాతీ నొప్పిని ఈ భాషలో పెట్టి ఈసీజీ మానేశావో, చంపుతాను.

ఇక అభ్యాసం. మొదటి నెల ఒక్క నిలబడటమే చెయ్యి, "జాన్‌జువాంగ్" అంటారు. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్ళు నేరుగా ముందుకి. మోకాళ్ళు రెండు మూడు అంగుళాలకు మించి వంచకు. పైనుంచి చూస్తే కాలి బొటనవేలు కనపడాలి. ఎత్తు స్టూలు అంచున కూర్చోబోతున్నట్టు నడుం వదులు చేసి, చేతులతో లావాటి చెట్టును కావలించుకున్నట్టు ఛాతీ ఎదుట పట్టు. చేతులు భుజాల ఎత్తు దాటకూడదు, మోచేతులు మణికట్టుకన్నా కిందే ఉండాలి. నాలుక కొస అంగిట్లో ఆనించి, గాలి ముక్కుతోనే పీల్చి ముక్కుతోనే వదులు. ఊపిరి బిగబట్టకు, ప్రాణాయామంలో కుంభకం అలవాటున్న మనవాళ్ళు ఇక్కడే పొరపాటు చేస్తారు. మొదటి వారం మూడు నిమిషాలు, తర్వాత వారానికో రెండు నిమిషాలు పెంచు, ఇరవై దగ్గర ఆపు.

తొడలు వణుకుతాయి. అది చీ పారడం కాదు, కండరం అలసిపోవడం. అరచేతుల్లో వెచ్చదనం, చిమచిమ వస్తాయి, రానీ, పోనీ. వాటి కోసం కాచుక్కూర్చునేవాడికి మనసంతా చేతుల్లోకి పోయి భుజాలు బిగుసుకుంటాయి. మోకాలి లోపలివైపు నొప్పి పుడితే మోకాళ్ళు ఒకదాని వైపు ఒకటి ఒరుగుతున్నాయన్నమాట. బయటికి తెరువు, వంపు సగం తగ్గించు. తల బరువెక్కి ముఖం వేడెక్కితే ధ్యాస నుదుటి మీద పెట్టి ఉంటావు. దాన్ని అరికాలి మధ్య గుంటకు దింపు, లేదా ఆ రోజుకు ఆపేయ్. అయినా మంకుపట్టు పట్టి గంటలకొద్దీ సాగించి, నిద్ర చెడి, మతి చలించినవాళ్ళున్నారు. దానికి చైనాలో పేరే ఉంది, "జోవ్‌హువో రూమో". 1994 నాటి అమెరికా మానసిక వైద్య వర్గీకరణలోనూ చీగోంగ్ వల్ల కలిగే మతిచలనాన్ని చేర్చారు. ఇంట్లో ఎవరికైనా మానసిక రోగముంటే ఒంటరిగా ఎక్కువసేపు చేయకూడదు.

ముగించేటప్పుడు చటుక్కున ఆపి ఫోను తీయకు. చేతులు నెమ్మదిగా దించి, బొడ్డు కింద ఒకదానిమీద ఒకటి పెట్టి నిమిషం ఉండు. అరచేతులు రుద్దుకుని కాస్త నడువు. తిన్నాక గంట దాకా చేయకు, జ్వరం రోజున అసలొద్దు. నాన్జింగ్ చలి తేమ చలి. చెమట పట్టిన వీపుతో గాలికి నిలబడితే అక్కడి ముసలమ్మలే నిన్ను కేకలేస్తారు.

రెండో నెలలో బాదువాన్‌జిన్ పట్టుకో. ఎనిమిది కదలికల చీగోంగ్ వరస అది, పేరుకు అర్థం ఎనిమిది పట్టు తునకలు. 2003లో ప్రభుత్వ క్రీడా విభాగం ఖాయం చేసిన రూపం పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదటి ఏడూ ఆరేసి సార్లు, చివరిది, మడమలెత్తి దించేది, ఏడుసార్లు. మూడోది, ఒక చెయ్యి పైకీ ఒకటి కిందికీ నెట్టేది, జీర్ణానికని చెబుతారు. భుజం చెవికి తాకేలా ఎగరేస్తే దాని పని పోయినట్టే. అయిదో కదలికలో లోతుగా కూర్చునే పోటీ పెట్టుకోకు. ఆరోది వంగి పాదాలందుకునేది. నడుము డిస్కు తేడా ఉన్నవాళ్ళు వదిలేయాలి, బీపీ ఉన్నవాళ్ళు తల వేలాడేయకూడదు. చివరిదాంట్లో పళ్ళు తేలిగ్గా కరిచిపట్టి, మడమలు సగం దాకా నెమ్మదిగా దించి, ఆపైన తేలిగ్గా తాకించు. దబ్బున కొడితే దెబ్బ వెన్నెముకకే.

కాలి మీద వేలితో ఒత్తే జూసన్‌లీ బిందువు ఎలా పట్టాలని అడిగావు. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట నుంచి నీ నాలుగు వేళ్ళ వెడల్పు దించు, కాలి ఎముక అంచు నుంచి ఒక వేలు పక్కకు జరుగు. కొలత ఎప్పుడూ రోగి వేళ్ళతోనే. అందుకే పిల్లాడి కాలికి నీ వేళ్ళు పెట్టకూడదు. బొటనవేలితో రెండు మూడు నిమిషాలు, తీపు పుట్టేంత ఒత్తితే చాలు. చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే హగూ బిందువు మాత్రం గర్భిణులకు ఒత్తకు.

హాస్టల్లో ఎవరో జలుబుకు జిన్సెంగ్ తాగమన్నారని రాశావు. వద్దు. రోగం లోపల ఉండగా బలానికి మందిస్తే "తలుపు మూసి దొంగను ఇంట్లో ఉంచుకోవడం" అంటారు వాళ్ళు. జలుబు పూర్తిగా పోనీ. నాన్న వార్ఫరిన్ వేసుకుంటాడు కదా, ఆయనకు కానుకగా ఆ వేర్లు పంపే ఆలోచన కూడా మానుకో. రక్తం గడ్డకట్టకుండా వేసే ఆ మందు పనిని జిన్సెంగ్ తగ్గించవచ్చు.

మోకాళ్ళు ఎలా ఉన్నాయో నెలాఖరుకు రాయి.

మీ మావయ్య