ఇల్లు కూల్చలేదమ్మా, టాప్ లేపింది!

ప్రశ్న: మాస్టారూ, మా పాప స్కూల్ యానివర్సరీలో ఏకపాత్రాభినయం చేసింది. మర్నాడు క్లాస్ టీచర్ వాట్సాప్‌లో ‘షి బ్రాట్ ద హౌస్ డౌన్’ అని పెట్టారు. ఇంటి పరువు తీసిందన్నారేమోనని మా అత్తగారికీ నాకూ ఒకటే టెన్షన్. ఇది మెచ్చుకోలా, ఫిర్యాదా?
– ఒక అమ్మ, అనకాపల్లి

జవాబు: నిక్షేపంలాంటి మెచ్చుకోలు తల్లీ! ముందు పాపకు దిష్టి తీసి, టీచరుగారికి థాంక్స్ చెప్పండి. ఇక్కడ హౌస్ అంటే మనుషులు కాపురముండే ఇల్లు కాదు, నాటకశాల. అందులో కూర్చున్న జనం కూడా. సినిమా హాలు ముందు వేలాడే ‘హౌస్‌ఫుల్’ బోర్డులో ఉన్నది ఈ హౌసే. చప్పట్లకీ నవ్వులకీ హాలు కూలిపోతుందేమో అన్నంత గోల జరిగిందని భావం. 18వ శతాబ్దం నాటికే ఇంగ్లిష్‌లో ఉన్న నుడికారం ఇది. మన కుర్రాళ్లు ‘టాప్ లేచిపోయింది’ అంటారే, అచ్చం అదే. వాళ్లు హాలుని కింద పడేస్తే మనం కప్పు పైకి లేపుతాం, అంతే తేడా.

వాడేటప్పుడు మాత్రం ‘ద హౌస్’ని కదపకండి. ‘హర్ హౌస్’ అన్నారంటే నిజంగానే గోడలు పడగొట్టినట్టు. ఇంకో సంగతి, ఎదురుగా జనం ఉండాలి, అప్పటికప్పుడు హోరెత్తాలి. పాట కావచ్చు, జోక్ కావచ్చు, పెళ్లిలో మైకు దొరికిన మావయ్య ప్రసంగం కావచ్చు. కోట్లు వసూలు చేసింది కదా అని సినిమాకి ఈ మాట తగిలించకూడదు. అందులో కామెడీ సీనుకి హాలంతా పగలబడి నవ్విందనుకోండి, ఆ సీను గురించి నిక్షేపంగా అనొచ్చు. హాలు నిండడం వేరు, దద్దరిల్లడం వేరు.

చప్పట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పద్యనాటకాల్లో మనవాళ్లు ‘వన్స్ మోర్’ అని అరుస్తారు చూడండి, ఇంగ్లిష్‌వాళ్లు అలాంటిచోట ‘ఆంకోర్’ అంటారు. అది ఫ్రెంచి మాట. ఫ్రెంచివాళ్లేమో లాటిన్ మాట ‘బిస్’ అంటారు! ఎవరికీ సొంత మాట ఆనదు కాబోలు. మనవాళ్ల వన్స్ మోర్ దెబ్బకి, చచ్చిపడున్న పాత్ర లేచి, పద్యం మళ్లీ అందుకుని, రాగం తీసి, మళ్లీ చచ్చిపోయిన ముచ్చట్లు మా నాన్నగారు బోలెడు చెప్పేవారు.