బీటిల్‌కు మళ్లీ రంగు వేసే ముందు

చిన్నా,

నువ్వు రంగు వేసిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ప్లాస్టిక్ మోడల్ కారు ఫొటోలు నాలుగూ పెద్దవి చేసి నిదానంగా చూశాను. ఎడమ తలుపు కింద ఎర్ర పెయింట్ కారి బొట్టుగా గడ్డకట్టింది. పైకప్పు మీద నారింజ తొక్కలా సన్నటి గుంటలు పడ్డాయి. ముందు మూత చుట్టూ ఉండాల్సిన గీత సగం కనిపించడం లేదు. "నా వల్ల కాదు పెదనాన్నా, చెత్తబుట్టలో వేసేస్తున్నా" అని రాశావు. వేయకు. ఆ బాడీ బాగుపడుతుంది, ఎలాగో చివర్లో రాస్తాను. ఇదే పద్ధతిలో ఇంకోసారి వేస్తే మళ్లీ ఇదే వస్తుంది కాబట్టి, ముందు ఏం జరిగిందో నీకు తెలియాలి.

నీ చేతిలో ఉన్నది 1/24 స్కేల్ కారు. తలుపు, అద్దం, చక్రం అన్నీ అసలు కారులో 24వ వంతుకు తగ్గాయి. పెయింట్ మాత్రం తగ్గదు. అసలు కారు మీద అడుగున వేసే ప్రైమర్, రంగు, పైన వేసే పారదర్శకమైన క్లియర్ అన్నీ కలిపి సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటాయి. నీ మోడల్ మీద కూడా అంతే మందం పడిందనుకో, అది అసలు కారుకు 2.4 మిల్లీమీటర్ల పూత పూసినట్టు. ఇప్పుడు తలుపు సందు సంగతి చూడు. అసలు కారులో అది 5 మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్‌లో సుమారు 0.2 మిల్లీమీటర్లు. రెండు వైపులా 0.1 చొప్పున పెయింట్ పేరితే సందు మూసుకుపోతుంది. నీ బీటిల్ ముందు మూతకు జరిగింది అదే. నేను ఈ ఉత్తరంలో చెప్పేదంతా ఈ ఒక్క లెక్క నుంచే వస్తుంది. ఏం చేస్తున్నా పూత పలచగా ఉండాలి, రంగుకు తోవ ముందే సిద్ధంగా ఉండాలి.

అందుకే డబ్బా మూత తీయడానికి ముందు చేసే పనే ఎక్కువ. బాడీని గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో కడుగు. అచ్చులోంచి ప్లాస్టిక్ సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు, మన వేళ్ల జిడ్డు పోవాలి. ఆరాక లైటు కింద పెట్టి మెల్లగా తిప్పి చూడు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గట్టు కనిపిస్తుంది. కంటికి ఆనకపోతే గోరుతో తడిమి చూడు, తెలుస్తుంది. 600 నంబర్ వాటర్ పేపర్‌తో, నీళ్లు తడుపుతూ దాన్ని తీసెయ్యి. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు పీక్కుపోయి పడిన గుంటలుంటే పుట్టీ పెట్టి, పూర్తిగా ఆరాకే రుద్దు. తొందరపడి రుద్దితే తర్వాత అది ఇంకా కుంగుతుంది, మెరిసే రంగు కింద ఆ గుంట అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది.

తర్వాత గీతలు. తలుపులు, ముందు మూత, వెనక ఇంజిన్ మూత, అన్నిటి చుట్టూ ఉన్న గీతలను సన్నటి గీత పనిముట్టుతో కాస్త లోతు చెయ్యి. అది లేకపోతే కత్తి మొన వెనక వైపుతో చెయ్యొచ్చు. చేతి బరువు వేయకు. పనిముట్టు బరువు మీదే పదిసార్లు లాగు. ఒక్కసారిగా నొక్కితే గాడి దాటి తలుపు మీదికి జారుతుంది, మళ్లీ పుట్టీ పని మొదలు. ఎక్కువమంది ఈ పని వదిలేస్తారు. నన్నడిగితే, దూరం నుంచి చూసినా బొమ్మ కారుకూ మోడల్ కారుకూ తేడా తెలిసేది ఇక్కడే. ఒక సాయంత్రమంతా దీనికే ఇచ్చినా నష్టం లేదు.

ప్రైమర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బూడిద రంగు ప్రైమర్ తప్పులన్నీ బయటపెడుతుంది, కాబట్టి మొదట అదే వెయ్యి. తప్పులు సరిచేశాక, ఎరుపు, పసుపు లాంటి రంగులకు కింద తెలుపో లేత గులాబీయో ఉంటే రంగు తక్కువ కోటులకే నిండుగా వస్తుంది. నీ ఎరుపు ఎండిన ఇటుకలా మాడినట్టు కనిపించడానికి కింద ముదురు బూడిద ఉండటమే కారణం. రంగు నిండట్లేదని మళ్లీ మళ్లీ కొట్టావు, మందం పెరిగింది. ఎర్ర ప్లాస్టిక్‌తో అచ్చు వేసిన బాడీ మీద తెలుపు వేస్తే కొన్నాళ్లకు గులాబీ రంగు పైకి తేలుతుంది. అలాంటిది ఎదురైతే ముందు ఒక వెండి రంగు పూత అడ్డుగోడలా వేసుకోవాలి.

పెయింట్ రకాలు కలిపే దగ్గర మాత్రం జాగ్రత్త. ల్యాకర్, ఎనామెల్, అక్రిలిక్ అని మూడు రకాలు నీకు ఎదురవుతాయి. ల్యాకర్‌లో ఉండే సాల్వెంట్, అంటే రంగును కరిగించే ద్రవం, ఘాటైనది. ల్యాకర్ మీద ఎనామెల్ వెయ్యొచ్చు. ఎనామెల్ మీద ల్యాకర్ కొడితే కింద పూత ఉబ్బి ముడతలు పడుతుంది. నేను మొదటి సంవత్సరాల్లో ఆరు వారాలు కష్టపడి చేసిన ఒక కారు మీద ఎనామెల్ రంగుకు ల్యాకర్ క్లియర్ కొట్టాను. నా కళ్ల ముందే పైకప్పంతా ముడుచుకుపోయింది. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది, అందుకే నీకు గట్టిగా చెబుతున్నా. ఇంకో మాట. టమియా కంపెనీ స్ప్రే డబ్బాల్లో టీఎస్ అని రాసినవి మన ప్లాస్టిక్ కిట్‌లకు. పీఎస్ అని రాసినవి రిమోట్ కార్ల పాలీకార్బొనేట్ బాడీలకు. డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కొనేటప్పుడు ఆ రెండక్షరాలూ చదువు.

ఇక నీ స్ప్రే. ఫొటోలు చూస్తే నాకు అర్థమైంది ఇది. నువ్వు మణికట్టు తిప్పుతూ కొడుతున్నావు. అలా తిప్పితే మధ్యలో డబ్బా దగ్గరగా, చివర్లలో దూరంగా ఉంటుంది. దగ్గరైన చోట పెయింట్ ఎక్కువ పడి కారింది. దూరమైన చోట పెయింట్ తుంపరలు గాల్లోనే సగం ఆరి, బాడీ మీద పడ్డాక పరుచుకోలేక గుంటలుగా మిగిలాయి. తలుపు, పైకప్పు రెండు జబ్బులకూ మూలం ఒకటే. మణికట్టు బిగించి, భుజం నుంచి చెయ్యంతా కదిలించు. డబ్బాకూ బాడీకీ మధ్య 20 సెంటీమీటర్లు, మొదటి నుంచి చివరి దాకా అంతే. బాడీకి ముందే ఖాళీలో నొక్కడం మొదలుపెట్టు, బాడీ దాటాక వేలు వదులు. బాడీ మీద ఉండగా నొక్కినా, వదిలినా అక్కడ చుక్కలు చిమ్ముతాయి.

కొట్టే ముందు డబ్బాను 40 డిగ్రీల లోపు వెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచు. లోపల ఒత్తిడి కొంచెం పెరిగి, పెయింట్ పలచబడి తుంపర సన్నగా వస్తుంది. వేడి నీళ్లు వద్దు, పొయ్యి దగ్గరకు తీసుకెళ్లనే వద్దు, డబ్బా పేలుతుంది. తర్వాత రెండు నిమిషాలు బాగా ఊపు. మొదటి కోటు కేవలం మంచు పట్టినట్టు పడాలి, కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. ఇక్కడే నీ చెయ్యి ఆగదు, నాకు తెలుసు. ఇంకొంచెం కొడితే నిండుతుంది కదా అనిపిస్తుంది. కొట్టకు. డబ్బా కింద పెట్టి గదిలోంచి బయటకు వచ్చెయ్యి. పదిహేను నిమిషాలాగి అలాంటిదే రెండోది. గరుకుగా ఆరిన ఆ రెండు పూతలూ తర్వాతి తడి కోటును పట్టుకుంటాయి, కారనివ్వవు. మూడోది కాస్త నెమ్మదిగా, తడి మెరుపు వచ్చేదాకా. ఆ మెరుపు వచ్చిన క్షణంలో ఆపాలి. చక్రాల అంచులు, అద్దాల చుట్టూ ఉండే మూలలు లాంటి చేరని చోట్లు ముందు కొట్టి, వెడల్పు భాగాలు ఆఖరున కొట్టు. అలా చేస్తే మూలల కోసం మళ్లీ వెనక్కి రానక్కర్లేదు.

మాస్క్ సంగతి మర్చిపోకు. దుమ్ముకు పెట్టుకునే మాస్క్ పెయింట్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, అంటే సాల్వెంట్ ఆవిరిని ఆపే ఫిల్టర్, ఉన్నదే కావాలి. కిటికీలు తెరిచి ఉంచు, దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఇందులో నీతో బేరం లేదు.

గాల్లో తేమ ఎక్కువగా ఉన్న రోజు ల్యాకర్ కొట్టకు. సాల్వెంట్ ఆరుతూ పూతను చల్లబరుస్తుంది, గాల్లోని తడి దాని మీద చేరి తెల్లటి మబ్బులా కమ్ముతుంది. కొట్టిన వెంటనే బాడీ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించు, దుమ్ము పడదు. వెంట్రుకో నూలుపోగో పడితే తడిగా ఉండగా వేలు పెట్టకు. ఆరాక రుద్ది తీయొచ్చు, తడిలో ముట్టుకుంటే బాగుచేయలేవు.

ఆరిందో లేదో వేలితో నొక్కి చూడటం కంటే ముక్కుతో చూడటం మేలు. బాడీని ముక్కు దగ్గర పెట్టుకో. పెయింట్ వాసన వస్తుంటే లోపల ఇంకా ఆరుతోందన్నమాట. ల్యాకర్‌కు కొన్ని రోజులు, ఎనామెల్‌కు కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా సీట్లు, డ్యాష్‌బోర్డు, ఇంజిన్ చేసుకో.

మెటాలిక్ రంగులు వేయాలని ఉందన్నావు. అక్కడా మళ్లీ స్కేల్ లెక్కే. అసలు కార్లకు వాడే మెటాలిక్ పెయింట్‌లోని రేణువులు నీ కారు మీద పడితే ఒక్కొక్కటి విడివిడిగా, పెద్దగా కనిపిస్తుంది. మోడళ్ల కోసం చేసిన సన్నటి రేణువుల పెయింటే తీసుకో. ఇంకా అందమైన దారి ఒకటుంది. వెండి పూత మీద పారదర్శకమైన రంగు వేయడం. 1968లో వచ్చిన మొదటి హాట్ వీల్స్ బొమ్మ కార్లు అంతగా మెరిసింది ఇలాగే, మెరుగుపెట్టిన లోహం మీద పారదర్శక రంగు వేసి. ఇందులో ప్రతి కోటుకూ రంగు ముదురుతుంది కాబట్టి విడిగా ఉండే తలుపులు, మూతలు బాడీ పక్కనే పెట్టి ఒకే చేత్తో కొట్టాలి, లేదంటే రంగులు కలవవు. కానీ ఇది నీ ఐదో కారుకు. రెండోదానికి వద్దు.

డీకాల్స్, అంటే నంబర్లు, గుర్తులు ఉండే పలుచని స్టిక్కర్లు, మెరిసే పూత మీదే అంటించు, గరుకు పూత మీద కింద గాలి చిక్కి తెల్లగా మెరుస్తుంది. వాటి మీద క్లియర్ కొట్టేటప్పుడు మొదటి రెండు కోటులూ పొడిపొడిగా ఉండాలి. తడిగా పడితే ల్యాకర్ డీకాల్‌ను కొరికి ముడతలు పెడుతుంది.

క్లియర్ గట్టిపడ్డాక 3000 నంబర్ పేపర్‌తో తడిపి రుద్దు, తర్వాత ఇంకా సన్నటివి, ఆఖరున పాలిషింగ్ కాంపౌండ్. అంచుల దగ్గర ఆగు. పదునైన గట్ల మీద పెయింట్ సహజంగానే పలచగా నిలుస్తుంది, నాలుగు రుద్దులకే కింద ప్రైమర్ బయటపడుతుంది. గట్ల మీద మాస్కింగ్ టేప్ అంటించి, చదునైన చోట అయ్యాక తీసెయ్యి. ఎంత మెరుపు కావాలన్నది నువ్వు నిర్ణయించుకోవాలి. నా అభిప్రాయం చెబుతాను. అరవైల నాటి బీటిల్ గాజులో ముంచి తీసినట్టు ఉండకూడదు. దానిది మెత్తటి మెరుపు. నేనైతే దానికి రంగు మీదే పాలిష్ పెట్టి, క్లియర్ కొట్టను. పూత ఒక పొర తగ్గుతుంది కూడా.

పక్కల ఉన్న క్రోమ్ పట్టీలకు బ్రష్‌తో వెండి రంగు వేయకు. బేర్ మెటల్ ఫాయిల్ అని అతిపలుచని రేకు దొరుకుతుంది. పట్టీ మీద పరిచి, పుల్లతో నొక్కి, కొత్త బ్లేడుతో అంచు వెంట కోస్తే చాలు. బ్లేడు పాతదైతే రేకు చిరుగుతుంది. గీతల్లో వాష్, అంటే బాగా పలచన చేసిన ఎనామెల్ రంగు, పారించు, ఎర్ర కారుకు ముదురు గోధుమ రంగు బాగుంటుంది, తెల్ల కారుకు నలుపు వద్దు, బూడిద రంగు వాడు. అద్దాలు సూపర్ గ్లూతో అంటించకు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. తెల్ల జిగురు చాలు, ఆరాక కనిపించదు.

ఇప్పుడు నీ బాడీ. తలుపు కింద బొట్టు ఒక్కటే అయితే వారం ఆరనిచ్చి రుద్దమనేవాణ్ని. గీతలు పూడాయి కాబట్టి మొత్తం తీసెయ్యాలి. అద్దాలు, క్రోమ్ ముక్కలు విడదీసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో బాడీ మునిగేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి ఒక రాత్రి ఉంచు. చేతికి గ్లవ్స్ వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో తోము, నువ్వు వాడింది టీఎస్ డబ్బానే కాబట్టి ఊడి వస్తుంది. మొండిగా ఉంటే ఇంకో రాత్రి. ల్యాకర్ థిన్నర్, ఆసిటోన్ మాత్రం వద్దు, ప్లాస్టిక్కే కరిగిపోతుంది.

అది నానుతుండగా అరడజను ప్లాస్టిక్ చెంచాలు తీసుకుని, వాటి వీపు మీద చెయ్యంతా కదిలిస్తూ కొట్టడం ప్రాక్టీస్ చెయ్యి. చెంచా వంపు బీటిల్ పైకప్పులాగే ఉంటుంది. ఆరాక ఆరు చెంచాలూ కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపు. ఏది ముందు కొట్టావో నాకు చెప్పకు, చూసి నేనే చెబుతాను.

మీ పెదనాన్న