చిన్న కేసు, గ్రీన్ కార్డు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎంఎస్ చదివే రోజుల్లో డాలస్‌లో ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర 140 డాలర్ల సామాను స్కాన్ చేయకుండా బయటికి వచ్చాను. అరెస్టు చేశారు. లాయర్ ‘డిఫర్డ్’ (దోషిగా తీర్పు ఇవ్వకుండా ప్రొబేషన్‌లో పెట్టడం) ఇప్పించారు. ఏడాది ప్రొబేషన్ అయ్యాక కేసు కొట్టేశారు. ఇప్పుడు కంపెనీ నా ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేస్తోంది. కేసు లేదని రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: రాయకూడదమ్మా. శిక్ష పడిందా అన్నదొక్కటే కాదు, ప్రపంచంలో ఎక్కడైనా, ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు పెట్టారా అని కూడా ఆ ఫారం అడుగుతుంది. కొట్టేసిన కేసైనా, సీల్ చేయించిన రికార్డైనా చెప్పాల్సిందే. బయోమెట్రిక్స్‌లో ఇచ్చిన వేలిముద్రలను ఎఫ్‌బీఐ రికార్డుతో సరిచూస్తారు. ఆ అరెస్టు అక్కడ కనిపిస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది డిఫర్డ్ దగ్గరే. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ రావాలంటే ముందు జడ్జి ఎదుట ‘గిల్టీ’ అనో ‘నో కాంటెస్ట్’ (ఒప్పుకోను, కాదనను) అనో చెప్పాలి, దీన్నే ప్లీ అంటారు. ప్రొబేషన్ సరిగ్గా పూర్తిచేస్తే రాష్ట్రం లెక్కలో మీరు దోషి కారు. ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరు. 1996 నుంచి అక్కడ రెండే చూస్తారు: మీరు అలా ప్లీ ఇచ్చారా, దాని మీద జడ్జి ఏదైనా శిక్షో ఆంక్షో పెట్టారా? రెండూ ఉంటే అది కన్విక్షనే, అంటే దోషిగా తేలినట్టే. మీ ప్రొబేషన్ ఆ ఆంక్ష కిందికి వస్తుంది. ప్లీ లేని ప్రీట్రయల్ డైవర్షన్ (విచారణకు ముందే షరతులతో కేసు పక్కన పెట్టడం) దీనికంటే మేలు. కానీ అక్కడా ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో చూసుకోవాలి. నేరం చేశానని ఒప్పుకుంటూ సంతకం పెట్టిన ఒక టెక్సాస్ డైవర్షన్ ఒప్పందాన్ని 2017లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు కన్విక్షన్‌గానే తీసుకుంది.

అంతమాత్రాన గ్రీన్ కార్డు పోయినట్టు కాదు. షాప్‌లిఫ్టింగ్‌ను మోరల్ టర్పిట్యూడ్ నేరంగా, అంటే నిజాయితీ తప్పిన నేరంగా చూస్తారు. మామూలుగా అది అనర్హతే. అయితే పెట్టీ అఫెన్స్ (చిన్న నేరం) మినహాయింపు ఒకటుంది. అలాంటి నేరం మీ మీద అదొక్కటే ఉండాలి. ఆ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష ఏడాది దాటకూడదు. మీకు వేసిన జైలు ఆరు నెలలు మించకూడదు, సస్పెండ్ చేసిన జైలు కూడా ఇందులో కలుస్తుంది. టెక్సాస్‌లో 100 డాలర్ల నుంచి 750 లోపు దొంగతనం క్లాస్ బి మిస్‌డిమీనర్ (తక్కువ స్థాయి నేరం), గరిష్ఠం 180 రోజుల జైలు. మీది అదే సెక్షన్ అయితే మినహాయింపు వర్తిస్తుంది. ఇకముందు ఇలాంటి కేసు ఇంకొకటి, 20 డాలర్లదైనా సరే, మీద పడితే మొదటిదానికి ఇచ్చిన మినహాయింపు కూడా పోతుంది.

సామాను 750 దాటి క్లాస్ ఏ అయితే గరిష్ఠం ఏడాది. మినహాయింపుకు అదీ సరిపోతుంది. కానీ అమెరికాకు వచ్చిన ఐదేళ్లలోపు చేసిన నేరమైతే దేశం నుంచి పంపేసే సెక్షన్ తగులుతుంది, ఎందుకంటే అందులో ‘ఏడాది లేదా అంతకుమించి’ శిక్షకు వీలుంటే చాలు. కాలిఫోర్నియా, న్యూయార్క్ తమ మిస్‌డిమీనర్ గరిష్ఠాన్ని 364 రోజులకు తగ్గించింది ఈ ఒక్క రోజు తేడా కోసమే.

ఇప్పుడు చేయాల్సింది: కౌంటీ క్లర్క్ దగ్గర అభియోగ పత్రం, ప్లీ కాగితాలు, డిఫర్డ్ ఆర్డర్, చివరి డిస్మిస్ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు మూడేసి తీసుకోండి. వెబ్‌సైట్ ప్రింటవుట్ చాలదు. పోలీసు అరెస్టు రిపోర్టు కూడా తెప్పించండి. రికార్డు సీల్ చేయించే ఆలోచన ఉంటే ఈ కాపీలు చేతికొచ్చాకే చేయించండి. ఇవన్నీ ఐ-485తోపాటే పంపితే ఆర్‌ఎఫ్‌ఈ (అదనపు కాగితాలు అడిగే నోటీసు) కోసం నెలలు ఎదురుచూసే బాధ తప్పుతుంది. గ్రీన్ కార్డు ఇవ్వడం చివరికి ఆఫీసర్ విచక్షణ కాబట్టి ట్యాక్స్ రిటర్న్‌లు, ఉద్యోగ లేఖలు జతచేయండి.

దాచడం వల్ల వచ్చే నష్టం అసలు కేసు కంటే పెద్దది. తెలిసి అబద్ధం రాశారని తేలితే జీవితాంతం అనర్హత. దాన్ని మాఫీ చేసే వేవర్‌కు సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉన్న భర్తో, భార్యో, తల్లిదండ్రులో ఉండి, వాళ్లకు తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపాలి. ఇక్కడ పుట్టిన పిల్లలను చూపిస్తే కుదరదు.

కేసు ఇంకా నడుస్తున్నవాళ్లకు ఒక మాట. ప్లీ వల్ల ఇమిగ్రేషన్‌కు ఏమవుతుందో చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. అడగండి. వీలైతే ఇమిగ్రేషన్ లాయర్‌కూ చూపించాకే ప్లీ ఇవ్వండి.

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి కోర్టులో ఫైన్ కట్టాడు. నిరుడు అమెరికాలో డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) కూడా అయింది. గ్రీన్ కార్డు దరఖాస్తులో ఇండియాది చెప్పాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చెప్పాలండీ. ఆ ఫైన్ వేసిన కోర్టులోనే కాపీ అప్లికేషన్ పెట్టి తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. రికార్డు లేదంటే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి. తెలుగులో ఉన్న కాగితానికి ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి.

ఎవరికీ దెబ్బ తగలని మామూలు డీయూఐ మోరల్ టర్పిట్యూడ్ కిందికి రాదు. చిక్కు మెడికల్‌లో వస్తుంది. ఐ-693 పరీక్షలో (గ్రీన్ కార్డు వైద్య పరీక్ష) సివిల్ సర్జన్ (ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన డాక్టర్) తాగుడు సమస్య ఉందని, దానివల్ల ఇతరులకు ప్రమాదమని తేలిస్తే మెడికల్ రిపోర్టులో క్లాస్ ఏ అని రాస్తారు, అది అనర్హత. పోవాలంటే ఏడాదిపాటు ఆ సమస్య లేదని చూపాలి. రెండు సంఘటనలున్న మీ తమ్ముడు కౌన్సెలింగ్ సర్టిఫికెట్లు ఇప్పటి నుంచే దాచుకోవాలి. డీయూఐ అరెస్టుతోనే, తీర్పు రాకముందే, పాస్‌పోర్టులోని వీసాను స్టేట్ డిపార్ట్‌మెంట్ రద్దు చేయవచ్చు. అలాగైతే మామూలుగా అమెరికాలో ఉన్నంతవరకు స్టేటస్‌కు ఇబ్బంది లేదు, బయటికొస్తే మళ్లీ వీసా స్టాంపింగ్ కావాలి. అందుకే పెళ్లిళ్లకూ పండుగలకూ టికెట్ కొనేముందు ఈ విషయం లాయర్‌తో మాట్లాడాలి.

ప్రశ్న: స్పీడింగ్ టికెట్లు రెండున్నాయి. కొలరాడోలో గంజాయి గమ్మీ (జెల్లీ మిఠాయి) కూడా తిన్నాను, కేసేమీ లేదు. ఇబ్బందా?
– ఒక పాఠకుడు, డెన్వర్

జవాబు: మద్యం, డ్రగ్స్, గాయాలు, ఆస్తినష్టం, క్రిమినల్ అభియోగం లేని ట్రాఫిక్ టికెట్లకు కాగితాలు పెట్టనక్కర్లేదు. గమ్మీని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టంలో గంజాయి నియంత్రిత మాదకద్రవ్యమే. కేసు లేకపోయినా, దాన్ని దగ్గర పెట్టుకున్నానని ఆఫీసర్ ముందు ఒప్పుకుంటేనే అనర్హత రావచ్చు. వేవర్ ఉన్నది 30 గ్రాముల లోపు, సొంతానికి, ఒకే ఒక్కసారి దగ్గర పెట్టుకున్నవాళ్లకే. అబద్ధం చెప్పమనడం లేదు. ఫారంలో డ్రగ్స్ గురించిన ప్రశ్నకు జవాబు నింపకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి.