పాత హార్డ్ డిస్క్ తమ్ముడికి ఇవ్వొచ్చా?

ప్రశ్న: కంప్యూటర్ బాగా నెమ్మదించిందని పాత హార్డ్ డిస్క్‌ను ఉన్నదున్నట్టు క్లోన్ (నకలు) చేయించి, వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీకి మారాను. విండోస్ కంప్యూటర్‌తో పాటే వచ్చింది. ఇది లైసెన్స్ ఉల్లంఘన అవుతుందని స్నేహితుడు అంటుంటే టెన్షన్‌గా ఉంది. పాత డిస్క్‌ను తమ్ముడి కంప్యూటర్‌లో పెట్టి ఇద్దామనుకున్నాను. వ్యాపార భాగస్వామితో నడుస్తున్న కేసు తాలూకు బిల్లులు, మెయిళ్లు అందులో ఉన్నాయి. కాపీ ఉంది కదా, ఫార్మాట్ చేసేయొచ్చా?

జవాబు: ఫార్మాట్ చేయకండి, తమ్ముడికీ ఇవ్వకండి.

లైసెన్స్ గురించి భయం అక్కర్లేదు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ ఆ కంప్యూటర్‌కే చెందుతుంది. దాని యాక్టివేషన్, అంటే లైసెన్స్ సరైనదేనని గుర్తించడం, ప్రధానంగా కంప్యూటర్‌లోని ముఖ్య సర్క్యూట్ బోర్డు అయిన మదర్‌బోర్డును బట్టి ఉంటుంది, డిస్క్‌ను బట్టి కాదు. సక్రమంగా పొందిన సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవడానికి, పాడైతే అక్కరకొస్తుందని కాపీ తీసి ఉంచుకోవడానికి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఏఏ) వీలిస్తుంది. అదే విండోస్‌ను తమ్ముడి కంప్యూటర్‌లో నడిపితే మాత్రం ఒక లైసెన్స్‌తో రెండు కంప్యూటర్లు వాడినట్టే, అది తప్పు.

నన్ను కలవరపెట్టింది కేసు సంగతి. క్లోన్ ఉంటే అంతా ఉన్నట్టే అనుకుంటున్నారు. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాడుకలో ఉన్న ఫైళ్లనే కొత్త డిస్క్‌లోకి పంపుతాయి. ఎప్పుడో డిలీట్ చేసిన మెయిల్ ఆనవాళ్లు పాత డిస్క్‌లోనే మిగిలిపోతాయి. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు కూడా ఉంటుంది. డిలీట్ చేసిన ఫైలు ఉన్న చోటును అది ఖాళీ చేయిస్తుంది, ఆ తర్వాత తిరిగి రాబట్టడం చాలాసార్లు కుదరదు. రేపు అవతలివాళ్లు ‘ఈ బిల్లు కేసు వేశాక తయారు చేశారు’ అంటే, నిపుణుడి ముందు పెట్టాల్సింది ఆ పాత డిస్క్‌నే. అది లేదంటే, కావాలనే చెరిపేశారన్న ఆరోపణ మీ మీదికే వస్తుంది. కోర్టులో చూపించాల్సి వచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును అక్కడికి చేరకూడదని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద నేరం. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, కానీ దాన్ని కోర్టులో వివరించుకునే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

‘ఒకసారి చూద్దాం’ అని దాన్ని మళ్లీ తగిలించకండి. తగిలించగానే విండోస్ దాని మీద ఏదో ఒకటి రాస్తుంది, కొన్ని ఫైళ్ల తేదీలు కూడా మారిపోవచ్చు. డిస్క్ లేబుల్ మీది సీరియల్ నంబరు రాసుకుని, యాంటీ స్టాటిక్ కవర్‌లో (స్థిర విద్యుత్ నుంచి కాపాడే కవర్) పెట్టి సీల్ చేయండి.

ఫైళ్ల కాపీలు కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ఈ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. సర్టిఫికెట్‌లో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు ఇవ్వాలి. ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా వేరే విలువ వస్తుంది.

డిస్క్ ఏ రోజు తీశారో, క్లోన్ ఎవరు చేశారో, ఏ సాఫ్ట్‌వేర్ వాడారో ఇప్పుడే రాసి మీ లాయరుకు ఇవ్వండి. క్లోన్ చేసిన వ్యక్తి సాక్షిగా రావాల్సి ఉండొచ్చు, ఆయన ఫోన్ నంబరు కూడా అందులో రాయండి.