నీటి సంఘం పనులను నిజంగా చూస్తోందా, సంతకాలతో సరిపెడుతోందా?

మీ ఊరి సాగునీటి సంఘం సమావేశాలు జరుపుతోంది, పుస్తకాలు సక్రమంగా ఉన్నాయి, అయినా కాలువ పనుల మీద నమ్మకం కుదరడం లేదు, పనితీరు ఎలా తేల్చుకోవాలి అని అడిగారు. మాది గోదావరి మధ్య డెల్టాలో, కాలువ చిట్టచివర ఉన్న శివారు పొలం. ఈ బాధ మాకు కొత్త కాదు.

పుస్తకాలను ముందు పక్కన పెట్టండి. సంఘం సత్తా తేలేది వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసిన రోజుల్లోనే. పూడిక తీశాక, ధవళేశ్వరంలో నీళ్లు వదిలేలోగా కొలతలు సరిచూడాలి. కాలువ నిండాక అడుగున ఎంత తీశారో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పనులను ఆఖరి రోజుల దాకా సాగదీసేది ఎందుకనుకున్నారు? ఆ రోజుల్లో మీ సభ్యులు టేపు పట్టుకుని గట్టు మీద కనిపించారో లేదో గుర్తుచేసుకోండి.

మా పిల్లకాలువలో ఒక ఏడు పని పూర్తయిందన్నారు. గట్టు మీది కుప్పలు చూస్తే అంతా గుర్రపుడెక్క, తూడు. నాలుగు ఎండలకే పొట్టయిపోయింది. నిజంగా అడుగు తవ్వితే నల్లమట్టి, నత్తగుల్లలు పైకి రావాలి. ఒక్క గుల్ల లేదు. సంఘం సభ్యుడొకాయన ఆ సంగతే మినిట్స్‌లో రాయించి బిల్లు ఆపించాడు. పొక్లెయిన్ మళ్లీ దిగింది. కాబట్టి మీ సంఘం మినిట్స్ తిరగేసి ఒక్క అభ్యంతరమైనా ఉందేమో వెతకండి. ఏళ్ల తరబడి అన్నీ ఏకగ్రీవ ఆమోదాలే అయితే, అక్కడ పర్యవేక్షణ జరగడం లేదనే నా అభిప్రాయం. సంఘం పెద్దలే పనిని నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా, తీసుకుని చేయిస్తుంటే ఇక అడిగేవాడెవడు?

శివారుకు నీరందకపోతే వెంటనే సంఘాన్ని తిట్టకండి. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, గోదావరి సన్నగిల్లితే ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూడాల్సిందే. అది వాళ్ల చేతిలో లేదు. వంతు నడుస్తున్న రోజు ఉదయం ఎగువ తూము దగ్గర, శివారు బోదె (పొలాలకు నీరిచ్చే చిన్న కాలువ) దగ్గర నీటిమట్టం చూసి రండి. రెండుచోట్లా తక్కువైతే నీటి కొరత. పైన నిండుగా పారుతూ కింద నెర్రెలిస్తే మాత్రం సంఘాన్ని నిలదీయాల్సిందే.

ఆడిట్ చేయించడం 1997 నాటి రైతు యాజమాన్య చట్టం ప్రకారం సంఘం బాధ్యతే. పదవిలో ఉన్నవారిని వెనక్కి పిలిచే వీలూ అందులో ఉంది, కానీ ఊళ్లో కులాలు, పార్టీల లెక్కల మధ్య అది కష్టం. అంతకంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం నయం. పనికి ముందు, తర్వాత తీసిన లెవెల్స్ (కాలువ అడుగు ఎత్తు కొలతలు), ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడగండి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా సెక్షన్ 2(జె)లో ఉంది, ఆ మాట దరఖాస్తులో రాయండి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కనుక కాలువ కట్టేసిన వారంలోనే పెట్టండి. జూన్‌లో పెడితే తనిఖీకి నీళ్లే మిగులుతాయి.