బిల్డ్ ఆగిపోతే కోడింగ్ రానట్టేనా?

ప్రశ్న: మాది గాజువాక. బీటెక్ చివరి సంవత్సరం చదువుతూ, రుషికొండలోని ఒక కంపెనీలో జావా ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచే ప్రాజెక్టు సర్వర్‌లో మావెన్ అనే సాధనంతో చేసే బిల్డ్ (కోడ్‌ను, లైబ్రరీలను కలిపి నడిచే ప్రోగ్రాంగా కూర్చే పని) దగ్గరే ఆగిపోతోంది. లైబ్రరీ వెర్షన్ ఉండవలసిన చోట డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ప్రాపర్టీ పేరు అలాగే కనిపిస్తోంది. రెండు రోజులు పోయాయి. బ్యాంకు పరీక్షలు రాయమంటున్న నాన్నగారి మాట వినడమే మంచిదా?

జవాబు: ముందు ఆ లోపం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ రెండో ప్రశ్న దాని మీదే నిలబడి ఉంది. బ్రాకెట్లలో పేరు అలాగే మిగిలిందంటే, దానికి విలువ ఇచ్చే చోటు మావెన్‌కు దొరకలేదని అర్థం. ఆ విలువ ప్రాజెక్టు వివరాలుండే పామ్ ఫైలులో (pom.xml) ఉండవచ్చు, దానికి మూలంగా పెట్టుకున్న పేరెంట్ పామ్ నుంచి రావచ్చు, కమాండ్‌లో ఇచ్చి ఉండవచ్చు, లేదా మీ హోమ్ డైరెక్టరీలోని సెట్టింగ్స్ ఫైలులో ఒక ప్రొఫైల్ కింద ఉండవచ్చు. ఈ చివరిది మీ ల్యాప్‌టాప్‌లో ఉండి సర్వర్‌లో లేకపోతే, మీరు చెప్పినట్టే జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ సెట్టింగ్స్ ఫైలు పేరు కాసేపు మార్చి మళ్లీ బిల్డ్ చేయండి. అదే లోపం వస్తే కారణం మీ చేతికి చిక్కినట్టే. వెర్షన్ సంఖ్యను పామ్‌లోని ప్రాపర్టీస్ విభాగంలోకి తెచ్చి కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో చేర్చండి. పాస్‌వర్డ్‌లను మాత్రం ఎన్నడూ అలా చేర్చవద్దు.

ఈ పనిలో అసలు కష్టం ఏమిటంటే, తప్పు జరిగిన చోటు ఒకటైతే అది బయటపడే చోటు మరొకటి. మావెన్ లాంటి మరో బిల్డ్ సాధనమైన యాంట్‌లో విలువ ఇవ్వని ప్రాపర్టీ ఉంటే, బిల్డ్ అక్కడ ఆగకుండా ఆ పేరునే అక్షరాలా వాడుకుని, డాలర్ గుర్తుతో ఒక ఫోల్డర్‌ను సైతం సృష్టించి, ఎక్కడో ముందుకు వెళ్లాక విఫలమవుతుంది. గ్రేడిల్ అనే ఇంకో సాధనం అలా కాదు. బిల్డ్ స్క్రిప్టులో తెలియని ప్రాపర్టీని అడిగితే ఆ పేరు చెప్పి అక్కడే ఆగుతుంది. ఇవి కళాశాల ల్యాబుల్లో సాధారణంగా ఎదురుకావు, ఎందుకంటే అక్కడ రాసిన కంప్యూటర్‌లోనే ప్రోగ్రాం నడుస్తుంది. కాబట్టి మీకు ఇది కొత్త కావడం సహజం, అసమర్థత కాదు.

బ్యాంకు ఉద్యోగం మీకు నిజంగా ఇష్టమైతే పరీక్షలు రాయండి, అది గౌరవప్రదమైన దారి. అయితే రెండు రోజులు ఆగిన బిల్డును చూసి భయపడి ఆ దారి పట్టవద్దని నా గట్టి అభిప్రాయం. విలువ ఎక్కడ పుట్టి ఎక్కడ తప్పిపోయిందో ఓపికగా వెతకగలవారికి బిల్డ్, రిలీజ్, డెవాప్స్ అనే పేర్లతో ప్రత్యేక ఉద్యోగాలే ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ ముగిసేలోగా లినక్స్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, గిట్, బిల్డులను తనంతట తానే నడిపే జెన్‌కిన్స్ కొంతైనా అలవాటు చేసుకుని, ఆ పని మీకు నచ్చుతోందో లేదో చూసుకున్నాక నాన్నగారితో కూర్చుని మాట్లాడండి.

ఈలోగా లోపం సరిచేశాక, ఏమేమి ప్రయత్నించారో, కారణం ఎలా తేలిందో ఒక పేజీలో రాసి మీ టీమ్ లీడ్‌కు చూపించండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు చెప్పవలసింది కూడా ఆ పేజీలోని విషయమే.