నెత్తిన వంటగిన్నె

“క్రూసేడ్ల కాలంలో ఎదురుతిరిగే అమ్మాయి కథానాయికగా వచ్చే నవలలు చదవొచ్చా? అప్పట్లో అలాంటి ఆడవాళ్ళు నిజంగా ఉండేవారా?” అని మీలో ఒకరు అడిగారు. క్రూసేడ్లంటే జెరూసలేం కోసం క్రైస్తవులు ముస్లింలతో చేసిన యుద్ధాలు.

చదవండి. కానీ అట్ట మీద జుట్టు విరబోసుకుని, కత్తి పట్టుకుని, గుర్రమెక్కిన పిల్ల ఉంటే మాత్రం ఆలోచించండి. పోయిన వేసవిలో ఆరువందలు పోసి అలాంటిదొకటి కొన్నాను. పన్నెండో శతాబ్దపు పిల్ల “నా జీవితం నా ఇష్టం” అని వాళ్ళ నాన్నకి లెక్చరిస్తుంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికే అంత ధాటి లేదు.

నిజంగా ఉండేవారా అంటే, ఉండేవారు. మార్గరెట్ ఆఫ్ బెవర్లీ అని ఇంగ్లండులో పెరిగినావిడ. 1187లో ముస్లిం సుల్తాను సలాదీన్ సైన్యం, అప్పటికి క్రైస్తవుల చేతిలో ఉన్న జెరూసలేంని ముట్టడించినప్పుడు ఆ ఊళ్ళోనే చిక్కుకుపోయింది. శిరస్త్రాణం ఎవరిస్తారు? వంటగిన్నె నెత్తిన బోర్లించుకుని కోటగోడ ఎక్కి, సైనికులకి నీళ్ళు మోసింది. తిరగలిరాయంత బండ పక్కనే పడి, ముక్క ఎగిరి తగిలింది. తర్వాత బందీగా దొరికిపోయి రాళ్ళు మోసింది, కట్టెలు కొట్టింది. సన్యాసి అయిన తమ్ముడు థామస్ ఇదంతా రాసిపెట్టబట్టి మనకి తెలిసింది.

ఈ కథ మా అమ్మకి చెప్పాను. ఆవకాయకి ముక్కలు తుడుస్తోంది.

“ఏ గిన్నే? ఇత్తడిదా, ఇనపదా?”

“తెలీదమ్మా.”

“ఏదైనా సరే, ఎండకి మాడు కాలిపోదూ? లోపల గుడ్డ పెట్టుకునుంటుంది.”

అంతటితో ఊరుకోలేదు. పక్కనున్న గిన్నె తీసి నెత్తిన బోర్లించుకుని, చెంబుతో నీళ్ళు పొయ్యబోయింది. వంగేసరికి గిన్నె ముక్కు మీదికి జారింది. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. “నవ్వుతావేంటే! ఒక చెయ్యి దీన్నే పట్టుకోవాలి. ఇంక నీళ్ళేం మోస్తుంది పాపం?”

నాలుగొందల పేజీల నవలాకారుడికి తట్టనిది, డెబ్భై ఏళ్ళ మా అమ్మకి రెండు నిమిషాల్లో తట్టింది. నా గొడవంతా ఇదే. ఈ నవలల్లో తిరుగుబాటు నోట్లోనే ఉంటుంది. ఆ పిల్లకి ఆకలెయ్యదు, చెప్పు తెగదు, నెత్తి కాలదు. తెలుగు అనువాదాల సంగతి సరేసరి. గుర్రపుశాల కుర్రాడు కూడా గ్రాంథికంలో తిడతాడు!

కావాలంటే నా కాపీ తీసుకోండి, సగం ధరకిస్తాను. నూట పన్నెండో పేజీలో ఆవకాయ నూనె మరకుంది, అంతే.